జేబులో తెచ్చిన ప్రసాదం

దాదా గురించి రెండు మాటలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. టాటానగర్ బర్మామైన్స్‌లో మా తెలుగువాళ్ల క్వార్టర్ల లైన్లలో ఒక మాట: కడుపుతో ఉన్న ఆడమనిషికి ఏదో బిళ్ల ఇచ్చి మతం మార్చబోయాడని. ఆయన సొంత చర్చిలో ఇంకో మాట: ఫాదర్ ముందు నిలబడి తెలిసి తెలిసి అబద్ధం ఆడాడని. రెండూ నిజం కావు. రెండూ నా నోటినుంచి పుట్టినవే. పాతికేళ్లు దాటాక ఇప్పుడు రాస్తున్నాను.

పాడైన వ్యాగన్లను పక్కకు తీసి బాగుచేసే చోటును రైల్వేలో సిక్‌లైన్ అంటారు. టాటానగర్ సిక్‌లైన్లో నేను ఫిట్టర్ని. దాదా నాకన్నా పదేళ్లు పెద్ద. ముండా తెగ ఆదివాసీ. తాతల నాడే క్రైస్తవం తీసుకున్న ఇల్లు. గ్యాంగులో సగంమంది శ్రీకాకుళం వాళ్లం కావడంతో మా తెలుగు అలాగే నేర్చేసుకున్నాడు. సుత్తితో చక్రం మీద ఒక్క దెబ్బ కొట్టి, చెవి వంచి విని, ఆయన "ఫిట్" అన్నాడంటే ఆ వ్యాగన్ని ఇంకెవరూ మళ్లీ చూసేవారు కాదు. ఆయన మాటకు అంత విలువ.

ఆదివారాలు చర్చిలో మాందర్ వాయించేదీ ఆయనే. మాందర్ అంటే మెడకు తగిలించుకుని రెండువైపులా వాయించే పొడుగాటి మట్టి డోలు. ఆయనకు ముందు వాళ్ల నాన్న వాయించాడు. "డూటీ ఎగ్గొడితే మెమో ఇత్తారు. మాందర్ ఎగ్గొడితే మా బాబు గోతిలోంచి లేచొత్తాడు" అనేవాడు.

ఆ ఏడు నాకు భయం తప్ప ఇంకో ఆలోచన లేదు. నా భార్యకు మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. రెండోది ఆరో నెలలో. మూడోసారి మళ్లీ ఆరో నెల వచ్చింది. మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. డ్యూటీ నుంచి వస్తూ మా సందు మలుపు దగ్గర రోజూ సైకిల్ దిగిపోయేవాణ్ణి. ఇంటిముందు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారేమో ముందు తొంగిచూసి, ఎవరూ లేకపోతే అప్పుడు మళ్లీ ఎక్కేవాణ్ణి.

మా అమ్మ తన భయాన్ని ఒక బిస్కట్ల డబ్బాలో దాచుకుంది. అందులో పూరీ నుంచి వచ్చిన ఎండు మహాప్రసాదం మెతుకులు, దర్గాలో ఇచ్చిన ఊదు బూడిద, మా ఊరి అమ్మవారి కుంకుమ, గురుద్వారాలో పెట్టిన హల్వా ఎండి గట్టిపడిన ముక్క. రోజూ పొద్దున్నే డబ్బా తీసుకెళ్లి కోడలి కడుపుకి తాకించేది. "ఇంతమందెందుకత్తా" అని నా భార్య అంటే, "ఏ దేవుడు డూటీలో ఉంటాడో మనకేటి తెలుసు" అనేది.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడ ప్రసాదం పెట్టినా అక్కడే పూర్తిగా తినేయకూడదు. రాలేనివాళ్ల వంతు కొంగులోనో రుమాల్లోనో కట్టుకుని ఇంటికి తేవాలి. ఉత్త చేతులతో వస్తే గుడికి వెళ్లినట్టే కాదు. పుట్టినప్పటినుంచి చూసిన పద్ధతి కనుక, దానికి మినహాయింపు ఉంటుందని నాకు తోచేది కాదు.

ఒకరోజు టీ వేళ దాదాను నేనే అడిగాను.

"మీ గుడికి నానూ రావచ్చా?"

"రావొచ్చు. తలుపుకి తాళం నేదు. ఏటి, ఇంట్లో ఆయమ్మ కోసమా?"

తల ఊపాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"వచ్చే ఆదివారం కొత్తబియ్యం పండగ. వచ్చి ఎనకాల కూకో. సూడు. దండం ఎట్టుకో. ఒక్కటే మాట, తమ్ముడూ. అందరూ లేచి ఫాదర్ దగ్గరికి వరుస కడతారు. నువ్వా వరుసలో నిలబడకు."

"హిందువుననా?"

"మా ఇంట్లో సిన్నోడు కూడా ఇంకా నిలబడడు. నేర్చుకోవాల, ఒప్పుకోవాల, అప్పుడు. ఆయనిచ్చే బిళ్ల మాకు దేవుడి ఒళ్లే, అది అక్కడే నోట్లో ఏసుకునేది. బయటికి తెచ్చేది కాదు. పూజ అయినాక వాకిట్లో అందరికీ కొత్త అటుకులు పెడతారు. అవి పట్టుకెల్లు ఆయమ్మకి. సమ్‌ఝా?"

"సమ్‌ఝా."

"పక్కా?"

"పక్కా, దాదా."

ఈ సంభాషణ జరిగిందని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ చర్చి స్టేషన్ అవతల, పొలాలు మొదలయ్యే చోట ఉంది. పెంకుల కప్పు, సున్నం గోడలు, లోపల బెంచీలు లేవు. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చోవడమే. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. నేను తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా సిలువ మీద మేకులు కొట్టిన మనిషి. పక్కటెముకల కింద ఎర్రరంగు. ఆ మెడలో మన బంతిపూల దండే వేసి ఉంది. ఆ దండ చూసి నాకు ధైర్యం రావలసింది. రాలేదు. తెలిసిన పూలు తెలియని చోట ఉంటే ఇంకా భయం వేసింది.

మొదట పొగ వచ్చింది. మట్టిమూకుడులో నిప్పుల మీద గుగ్గిలం. మా ఇంట్లో జబ్బుమనిషికి వేసే ధూపం వాసనే. తర్వాత బయటినుంచి మాందర్ మొదలైంది. సిక్‌లైన్లో రోజంతా ఇనుము మీద ఇనుము పడే చప్పుడు విన్నవాణ్ణి, అయినా ఆ డోలు దెబ్బ చెవికి కాక పొట్టలో తగిలింది. ఎర్రంచు తెల్లచీరల ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు అల్లుకుని, రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కు వేస్తూ లోపలికి వచ్చారు. ముందున్నవాళ్ల నెత్తిమీద వరికంకుల కట్టలు, ఆకుదొన్నెల్లో కొత్తబియ్యం, దీపాలు. పాట నాకు అర్థం కాని భాషలో. వాళ్ల పాదాలన్నీ ఒకేసారి నేలకు ఆనేవి. నేను కూర్చున్న చాప అదిరేది. వాళ్ల వెనక దాదా. గ్రీజు మరకల ఖాకీ బట్టల్లో తప్ప ఆయన్ని ఎన్నడూ చూడలేదు నేను. తెల్లపంచెలో, తలపాగాలో, కళ్లు సగం మూసుకుని ఎవరో కొత్తమనిషి.

మా ఊళ్లో డోలు, ధూపం, ఆడవాళ్లు కలిశారంటే అమ్మవారు ఎవరో ఒకరి మీదికి రావాలి. జుట్టు విప్పుకుని ఊగాలి, అడగాలి, కోపగించాలి. అందుకని నేను ఒక్కొక్క మొహమే చూస్తూ, ఎవరి మీదికి వస్తుందా అని బిగదీసుకుని కూర్చున్నాను. నన్ను చూపించి, వీడెవడు, ఎందుకొచ్చాడు అని అడుగుతుందేమోనని. ఎవరి మీదికీ రాలేదు. డోలు వేగం పెరిగింది, ఇంకా పెరిగింది, ఒక్కసారిగా ఆగిపోయింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. కొంగు సర్దుకున్నారు. అంత చప్పుడు ఎటు పోయిందో తెలియలేదు.

చాలాసేపు ప్రార్థనలు జరిగాయి. తర్వాత ఫాదర్ కాగితంలా పల్చటి తెల్లబిళ్ల ఒకటి రెండుచేతులా పైకెత్తారు. గంట మోగింది. అంతమందీ నుదురు నేలకు ఆనించారు. ముసలివాళ్లు కూడా. నేను ఒక్కణ్ణే తలెత్తి చూస్తున్నానని తెలిసి నేనూ వంగాను. నుదురు చాపకు ఆనించి ఉన్నప్పుడే నా బుద్ధి మారింది. వాకిట్లో అందరికీ పెట్టే అటుకుల్లో ఏముంటుంది? అసలు బలం ఇక్కడ ఉంది. దీన్ని ఇక్కడే వదిలేసి అటుకులు పట్టుకెళితే, రేపు ఏమైనా అయితే, చేతికి అందేదాన్ని వదులుకున్నవాణ్ణి నేనే అవుతాను.

వరుస కదిలింది. నేను లేచాను. దాదా ముందువైపు ఉన్నాడు, వెనక్కు చూడలేదు. చాలామంది నోరు తెరిచి నాలుక మీద వేయించుకున్నారు, కొందరు చేతులు చాపారు. నేను తీర్థం పట్టినట్టు ఎడమచేతి మీద కుడిచెయ్యి పెట్టి చాపాను. పండగకని ఎక్కడినుంచో వచ్చిన ముసలి ఫాదర్. నన్ను ఎరగరు. చేతిలో పెట్టారు. బరువే లేదు. పక్కకు తిరిగి చెయ్యి నోటిదగ్గరికి తీసుకెళ్లినట్టు చేసి, జేబులోని రుమాల్లోకి జార్చేశాను. తలెత్తేసరికి ఒక ముసలామె నన్నే చూస్తోంది.

పూజ అయ్యాక ఆమె చెప్పులు వేసుకుంటున్న నా దగ్గరికి వచ్చింది.

"బేటా, ఖాయా?" తిన్నావా అని అడిగింది.

"హా, ఖాయా."

అటుకుల కోసం ఆగలేదు. దాదా మాందర్ దించి చెమట తుడుచుకుంటూ నాకోసం చూడటం కనిపించింది. సైకిలెక్కేశాను. దారి పొడుగునా ఒక చేత్తో జేబు పట్టుకునే తొక్కాను. అది విరిగితే ఏమవుతుందో తెలియదు, నలిగితే ఏమవుతుందో తెలియదు.

ఇంట్లో రుమాలు విప్పితే మా అమ్మ దగ్గరికి వంగి చూసింది.

"ఏటిరా ఇది, కాయితం లాగుంది. వాసనా నేదు, తీపీ నేదు."

"వాళ్ల గుడి పెసాదం."

"మరి దీనికి మడి గట్రా ఏటన్నా ఉందా? ఎలగ తినాల?"

నాకు తెలియదు. నా భార్య దాన్ని చూసి చెయ్యి వెనక్కు తీసుకుంది. "నాకు బయమేత్తంది. తిన్నా బయమే, తినకపోయినా బయమే. పైన ఎట్టీండి" అంది. అమ్మ దాన్ని రుమాలుతో సహా బిస్కట్ల డబ్బాలో, దర్గా బూడిద పక్కన పెట్టింది.

సోమవారం పొద్దున్న వ్యాగన్ కింద పనిచేస్తుంటే దాదా పక్కకు వచ్చి పడుకున్నాడు. చాలాసేపు స్పానర్ తిప్పి, అప్పుడు అడిగాడు.

"వరుసలో నిలబడినావంట."

"పొరపాటయింది దాదా. అందరూ లేచారని లేచాను."

"సరే. తిన్నావా? అదొక్కటి సెప్పు. ఆ ముసలామె నువ్వు జేబులో ఏసుకున్నావంటంది. ఫాదర్ నన్ను పిలిసేరు."

పైన వ్యాగన్ అడుగు, మధ్యలో మూర ఎడం కూడా లేదు. ఆయన మొహం నా మొహానికి అంత దగ్గర.

"తిన్నాను" అన్నాను.

"తిన్నానంటే నేనెల్లి తిన్నాడని సెప్తాను. నా మాట మీద."

"తిన్నాను దాదా."

ఆయన వెళ్లి అలాగే చెప్పాడు. చక్రం మీద సుత్తి వేసి "ఫిట్" అన్నట్టే చెప్పి ఉంటాడు.

ఆ గురువారం మధ్యాహ్నం నా భార్యకు నొప్పులు వచ్చాయి. ఆ బిళ్ల డబ్బాలో ఉండటం వల్లే వచ్చాయని నాకు రూఢి అయిపోయింది. ఆసుపత్రి వసారాలో కూర్చుని, పరుగెత్తి దాన్ని తెచ్చి తినేయనా, నదిలో కలిపేయనా, వాళ్ల గుమ్మంలో పడేసి రానా అని లెక్కలు వేశాను. ఏదీ చేయలేదు. మూడోనాటికి నొప్పులు తగ్గాయి. కడుపు నిలిచింది, ఇంటికి పంపేశారు. మా అమ్మకు మాత్రం ఇంకో సంగతి రూఢి అయింది. కుళాయి దగ్గర బిందె పెట్టి, "అందరు దేవుళ్లూ ఒకెత్తు, ఆ కిరస్తానీ పెసాదం ఒకెత్తమ్మా" అని చెప్పింది.

సాయంత్రానికల్లా ఆ మాట మూడు లైన్లు తిరిగింది. ఏడో నెలలో నా భార్యకు గాజులు తొడగాలి. ఆ ఇంటికి మేం రామని ఇద్దరు ఆడవాళ్లు అనేశారు. పురుళ్లు పోసే పెద్దామె, "ముందు మీ మగోణ్ణి ఏ దేవుడో తేల్సుకోమనీ" అంది. ఆ ఊళ్లో మాకు చుట్టాలు లేరు. ఆ ఆడవాళ్లే మాకు దిక్కు.

ఆదివారం పెద్దలు నలుగురు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. మాట్లాడింది మా హెడ్ మేస్త్రి.

"ఏటిరా, మాకు సెప్పకుండానే మారిపోనావా? పోనీ భోజనాలైనా పెట్టకపోనావా?"

మిగతావాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

"నేదు బాబూ. నాను మారలేదు."

"మరి ఆ బిళ్ల నీ ఇంటికి ఎలగొచ్చింది? నడిసొచ్చిందా?"

గుమ్మం వెనక మంచం కర్రుమంది. నా భార్య అటు తిరిగి పడుకుని వింటోంది. అప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే. గాజుల నాడు గుమ్మంలో ఎవరూ లేకుండా ఆమె ఒక్కర్తీ పీట మీద కూర్చుని ఉండటం.

"దాదా ఇచ్చేడు" అన్నాను. "ఇంటికాడ ఆయమ్మకి పెట్టమని సేతిలో ఎట్టేడు. అదేటో నాకు తెలీదు."

"అదీ సంగతి" అన్నాడు హెడ్ మేస్త్రి, లేస్తూ.

మర్నాడు సిక్‌లైన్లో ఏడెనిమిది మంది దాదాను చుట్టుముట్టారు. కొట్టలేదు. కొట్టినంత పని చేశారు. కడుపుతో ఉన్న మనిషిని కూడా వదలవా అన్నారు. ఆయన ఒక్కొక్కరి మొహం చూసి, చివరికి నన్ను చూశాడు. నేను నట్టు బిగిస్తున్నాను. అప్పటికే బిగిసిపోయిన నట్టు.

వాళ్లు వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"అది ఇంకా ఉందా?"

"ఉంది."

"తీసుకురా. ఇప్పుడే."

సైకిల్ మీద వెళ్లి తెచ్చాను. ఆయన కుళాయి దగ్గర చేతులు కడుగుతున్నాడు. ముందు కిరసనాయిలుతో, తర్వాత ఇసుకతో, తర్వాత సబ్బుతో. గోళ్ల సందుల్లో గ్రీజును పుల్లతో తీశాడు. మళ్లీ సబ్బు. నేను రుమాలు పట్టుకుని నిలబడే ఉన్నాను. అంతసేపు చేతులు కడిగిన ఫిట్టర్ని నేను మళ్లీ చూడలేదు. తడి ఆరేదాకా చేతులు గాలిలో పట్టుకుని, అప్పుడు రుమాలు అందుకున్నాడు. ఒక అంచు విరిగి ఉంది. పొడిని కూడా రుమాలు మడతలోకి చేర్చి, గుండెకు ఆనించుకుని, చర్చివైపు నడిచి వెళ్లిపోయాడు. సైకిల్ ఉండి కూడా ఎక్కలేదు.

తర్వాత సంగతి గ్యాంగులో వేరేవాళ్లు చెప్పగా విన్నాను. బిళ్ల బయటపడింది కనుక, ఆయన ఫాదర్ ముందు "తిన్నాడు" అని చెప్పింది అబద్ధమని తేలింది. స్నేహితుడి కోసం తెలిసే ఆడాడని వాళ్ల పెద్దలు నమ్మారు. నేను చెప్పిందే తాను చెప్పానని ఆయన అన్నాడట. మరి నువ్వే చేతికిచ్చావని ఆ ఫిట్టర్ అంటున్నాడు కదా అని పెద్దలు అడిగారట. మాందర్ మెడలోంచి తీయించారు. కొన్నాళ్లకు చక్రధర్‌పూర్‌కు బదిలీ అడుక్కుని వెళ్లిపోయాడు. వెళ్లేరోజు నేను సెలవు పెట్టాను.

గాజుల పేరంటానికి మా లైన్లన్నీ వచ్చాయి. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది.

ఇన్నేళ్లూ ఆ మాట చెప్పుకుందామని నోటిదాకా రావడం, భయం వేయడం, మింగేయడం. కిందటేడు మా అమ్మ పోయాక ఆమె సామాన్లు తీస్తుంటే బిస్కట్ల డబ్బా దొరికింది. నా భార్య అది పట్టుకుని, "పాపం ఆయన, మనకి మంచి సెయ్యాలనే ఇచ్చుంటాడు" అంది. ఆమె కూడా ఇన్నేళ్లూ అదే నమ్మింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆమె డబ్బా మూత పెట్టేసింది.

"నాకెందుకు సెప్తావు" అంది. "ఆయనకి సెప్పు."

పాత గ్యాంగువాళ్లను అడిగి చక్రధర్‌పూర్ అవతల ఆయన ఊరు పట్టుకున్నాను. రైలు దిగి వెనక్కు వెళ్లే బండి కోసం రెండుసార్లు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. చివరికి వెళ్లాను. రిటైరయి, చేతికర్ర పట్టుకుని, వాకిట్లో కోళ్లను అదిలిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు.

"ఆడపిల్లా, మగపిల్లాడా?" అన్నాడు.

"ఆడపిల్ల."

"బతికిందా?"

"బతికింది దాదా. పెళ్లి కూడా అయింది."

ఆయన తల పంకించాడు. నేను కాళ్లు పట్టుకోబోతే కర్ర అడ్డం పెట్టాడు.

"అవన్నీ వద్దు. బండి పట్టాలు తప్పితే ఏటి సేత్తాం? ఎవడేటి సూసేడో, ఎవడేటి సేసేడో, స్టేట్‌మెంట్ రాసిత్తాం. అలగ రాసియ్యి. నీ కాలనీకి ఒకటి, నా చర్చికి ఒకటి. ఏడుపులొద్దు. జరిగింది రాయి."

అందుకే ఇలా రాశాను. ఇక్కడినుంచి ఉన్నది రెండు చోట్లా చదివి వినిపించాక చేర్చాను. మా కాలనీ కాపీని ఆ నాటి నలుగురిలో మిగిలిన ఇద్దరికి చదివి వినిపించాను. ఒకాయన, "ఇప్పుడెందుకురా" అన్నాడు. రెండో ఆయన కాగితం అడిగి తీసుకుని మళ్లీ తనే చదువుకున్నాడు.

రెండో కాపీ చర్చిలో చదవాల్సింది. మొన్న కొత్తబియ్యం పండగకు దాదా రైల్లో వచ్చాడు. ఇద్దరం తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాం. అదే గుగ్గిలం పొగ, అవే ఎర్రంచు చీరలు. మాందర్ ఎవరో యువకుడు వాయిస్తున్నాడు. దాదా వేళ్లు మోకాలి మీద కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన అయ్యాక ప్రకటనల వేళ నన్ను పిలుస్తానని ఫాదర్ అన్నారు. కాగితం జేబులో ఉంది. నా చెయ్యి మాటిమాటికీ జేబు మీదికి పోతోంది. డోలు దెబ్బ పొట్టలో అప్పటిలాగే తగులుతోంది.

గంట మోగింది. అందరూ వంగారు. తర్వాత వరుస కదిలింది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. దాదా గోడ పట్టుకుని లేచాడు. ఆయన రెండు చేతులూ జోడించి వెళ్లాలి.

"ఇది పట్టుకో" అని కర్ర నా చేతికిచ్చి, వరుసలోకి నడిచాడు.

ఆయన తిరిగొచ్చేదాకా దాన్ని పట్టుకుని అక్కడే కూర్చున్నాను.